ఎడమ పక్క కిటికీలు

నిన్న, శుక్రవారం, డైరీ మూసేసరికి సాయంత్రమైంది. బడి లైబ్రరీలో కంప్యూటర్ ముందు నేనొక్కదాన్నే మిగిలాను. యూడిత్ అనే ఆవిడెవరో నాకు విడిగా పంపిన నాలుగు వాక్యాలు తెర మీద ఉన్నాయి. “అక్టోబరు బొమ్మలో తలుపు కింద ఉన్నది గాలి గొట్టం కాదు. నత్త. అది మా అమ్మ గుర్తు. శనివారం మధ్యాహ్నం మీ ఇంటికి వస్తున్నాం.”

ఇవాళ శనివారం.

ఇంతదాకా ఎలా వచ్చిందో ఒక్కసారి చెప్పుకుని ముందుకు వెళ్తాను. మా తాత పేరు మెర్విన్ ట్రెలోర్. ఇరవై ఎనిమిదేళ్ళ కింద టీవీలో వచ్చిన ‘దక్షిణ తారలు’ కోసం మటన్‌బర్డ్ అనే అంతరిక్ష ఓడ నమూనాని చెక్కతో తయారుచేసిన మనిషిగా ఆయన్ని ఈ దేశంలో కొన్ని వేలమంది ఎరుగుదురు. మా తీరంలో తిరిగే పక్షి పేరే ఆ ఓడకి పెట్టారు. సీరియల్ ఇరవై ఆరు భాగాలకే ఆగిపోయింది గానీ అభిమానులు ఆగలేదు. వాళ్ళ కోసం పందొమ్మిదేళ్ళుగా ఏటా ఒక గోడ క్యాలెండర్ వస్తోంది. నెలకో ఓడ. పన్నెండు బొమ్మలూ తాతవే. అక్టోబరు నెల ఎప్పుడూ మటన్‌బర్డ్‌దే, అదీ ఎప్పుడూ కుడి పక్క నుంచే. టీవీలో కూడా ఎడమ పక్క ఎవరూ చూడలేదు. “ఆ పక్క మేం చెయ్యనే లేదు, వట్టి చెక్క” అని తాత అడిగినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఈ ఏడు తాత చూపు మధ్యలోంచి పోయింది. అంచులు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. కప్పు పక్కన టీ పోస్తాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన వేసిన అక్టోబరు బొమ్మలో కిటికీలు ఓడ దాటి ఆకాశంలోకి వెళ్ళిపోయాయి. అది అచ్చుకి పంపితే ఆయన పని అయిపోయిందని అందరికీ తెలిసిపోతుంది. ఆ క్యాలెండర్ లేకపోతే తాతకి పొద్దున్నే లేవడానికి ఇంకే పనీ లేదు. అందుకని షెడ్డులో అడుగు సొరుగులో దొరికిన ఒక పల్చటి పాత కాగితం చూసి, నాలుగు సాయంత్రాలు కూర్చుని, కొత్త బోర్డు మీద నేనే వేసి పంపేశాను. ఆ కాగితంలో ఉన్నది ఎడమ పక్క. అది తాత గీసిందే అనుకున్నాను. ఇన్నేళ్ళుగా అభిమానులు అడుగుతున్నది ఈసారి ఇచ్చేస్తే సంతోషిస్తారని కూడా అనుకున్నాను. కాగితంలో ఓడ తోక వైపు మూల చిరిగిపోయి ఉంటే అక్కడ నాకు తోచినట్టు మూడు కిటికీలు పెట్టాను. తలుపు కింద కనిపించిన చిన్న గుండ్రటి చుట్టని, ఓడలో భాగమేదో అనుకుని, ఉన్నదున్నట్టు దించాను.

తాతకి ఇవేవీ తెలియవు. అచ్చయింది తన బొమ్మే అనుకుంటున్నాడు.

క్యాలెండర్ బయటికొచ్చిన రెండో శనివారం మా ఇంట్లో ఒక పండగలాంటిది. అభిమానులు ఇంటర్నెట్‌లో తమ ఫోరంలో రాసినవన్నీ నేను బడిలో ప్రింటు తీసి తెస్తాను. తాత గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చుంటాడు. నేను ఒక్కొక్కటే చదువుతాను, ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్తాడు, నేను రాసుకుని సోమవారం ఫోరంలో పెడతాను. బడిలో మాస్టారు పేరు పిలిస్తే ‘ఆఁ’ అనడానికి కూడా నాకు గొంతు పెగలదు. ఈ ఒక్క రోజు మాత్రం రెండు గంటలసేపు గట్టిగా చదువుతాను.

అమ్మా నాన్నా పొద్దున్నే ఆయిస్టర్ ఆల్చిప్పలు పెంచే బుట్టలు తిప్పడానికి పడవ మీద వెళ్ళారు. పోటు ఎక్కేదాకా రారు. ఉత్తరపు గాలి వేడిగా కొడుతోంది. రేకుల కప్పు టపటపమంటోంది. నీళ్ళ ట్యాంకు మీద గాలా చిలకలు నోరు తెరుచుకుని కూర్చున్నాయి. తాత దవడ మీద గీయకుండా మిగిలిపోయిన ఒక చార గడ్డం తెల్లగా కనిపిస్తోంది. నేను చెప్పలేదు.

“ఊఁ, కానియ్యి,” అన్నాడు ఆంజాక్ బిస్కెట్టు టీలో ముంచుతూ. “కిటికీలు లెక్కపెట్టే మాస్టార్లు ఏమంటున్నారు?”

నా ఒళ్ళో పద్నాలుగు కాగితాలున్నాయి. పైకి చదవదగ్గది ఒక్కటీ లేదు.

మొదటి రెండిట్లో తిట్లు లేవు గానీ, అవీ ఎడమ పక్క గురించే. అవి బుధవారం నాటివి, అందరూ ఇంకా సంబరంలో ఉన్నప్పటివి. “అక్టోబరు తిప్పారా? కూర్చుని తిప్పండి, నిలబడి తిప్పితే పడిపోతారు” అని ఒకాయన. “ఎడమ పక్కరా బాబూ, ఎడమ పక్క! మా ఆవిడ కాన్పుకి కూడా ఇంత ఎదురు చూళ్ళేదు” అని బాలరాట్ బోసన్ అనే పేరుతో రాసే పెద్దమనిషి. దాని కిందే ఇంకొకరు: “మీ ఆవిడకి కూడా ఈ ఫోరంలో ఖాతా ఉంది, చూసుకో.” తర్వాత లెక్కలు మొదలయ్యాయి. “కుడి పక్క ముప్పై ఎనిమిది కిటికీలు, ఎడమ పక్క నలభై ఒకటి. ఓడ ఒరిగిపోదా?” “అంతరిక్షంలో ఒరగడమేంటి నీ మొహం.” “తలుపు కింద ఆ చుట్ట ఏంటి? గాలి గొట్టమా?” “యాంటెనా.” “నత్తలా ఉందే.” “నత్తే అయ్యుంటుంది, ముసలాయనకి మతి పోయింది.”

గురువారం నుంచి మాట మారిపోయింది. “వట్టి చెక్క అని ఇరవై ఎనిమిదేళ్ళు మా కళ్ళలోకి చూసి చెప్పాడు. ఇప్పుడేమో తలుపుతో సహా వేశాడు. అప్పుడైనా అబద్ధం చెప్పాడు, ఇప్పుడైనా చెప్పాడు. ఏదో ఒకటి తేలాలి.” దాని కింద నలభై మంది అవునన్నారు. చివరికి బోసన్ కూడా. “మా గ్యారేజీ గోడకి పందొమ్మిది క్యాలెండర్లు వరసగా తగిలించుకున్నాను. ఇవాళ అన్నీ దించేశాను. గోడ మీద తెల్లటి గుర్తులు మిగిలాయి” అని రాశాడు. మిగతా తిట్లన్నీ చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇది చదివినప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

పద్నాలుగో కాగితం మీద యూడిత్ నాలుగు వాక్యాలు. రావద్దని జవాబు రాద్దామని పదకొండు సార్లు మొదలుపెట్టి పదకొండు సార్లూ చెరిపేశాను.

“ఏంటే, చదువు రావట్లేదా?” అన్నాడు తాత.

కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అక్కర్లేదని నాకు తెలుసు. అయినా పెట్టుకున్నాను.

“‘జనవరి బొమ్మ చాలా బాగుంది’ అన్నాడు తాతా, బాలరాట్ బోసన్.”

“ఎవడూ, బోసనా? బాగుందన్నాడా?”

“ఊఁ.”

“వాడికి ఒంట్లో బాగానే ఉందా?”

నవ్వాలని గుర్తొచ్చి నవ్వాను. “‘మార్చి ఓడకి ఆ ఎరుపు భలే కుదిరింది’ అని ఇంకొకాయన.”

“ఎరుపు కాదు, తుప్పు రంగు. తుప్పు అని రాసుకో. తర్వాత?”

“‘జూన్ చాలా అందంగా ఉంది.’”

“ఊఁ.”

“‘ఆగస్టు కూడా.’”

తాత బిస్కెట్టు నమలడం ఆపాడు. “అక్టోబరు?”

“‘అక్టోబరు ఎప్పటిలాగే బాగుంది’ అన్నారు. అందరూ.”

“కిటికీల సంగతి?”

“ఎవరూ అడగలేదు తాతా.”

కప్పు కింద పెట్టబోయాడు. బల్ల అంచు చేతితో వెతికి, దొరికాక పెట్టాడు.

“ఎవరూ అడగలేదా,” అన్నాడు మెల్లగా. “థియా, పందొమ్మిదేళ్ళయింది. మా పెళ్ళి రోజు మీ నాయనమ్మ మర్చిపోయిన ఏడాది ఉంది. క్రిస్మస్‌కి వాన పడ్డ ఏడాది ఉంది. కిటికీలు లెక్కపెట్టని ఏడాది లేదు. ఒక ఏడు మరీ విసుగొచ్చి, మే నెల ఓడకి ఒకటి తక్కువ పెట్టా, వాళ్ళు కనిపెడతారా లేదా అని. క్యాలెండర్ వచ్చిన పూటే టాస్మేనియా నుంచి ఫోన్ చేశాడు ఒకడు, ఏమైంది మెర్వ్, ఇంట్లో అంతా క్షేమమేనా అని. వాళ్ళు తిట్టడం నాకు బాగుంటుంది. ఎందుకో తెలుసా? తిట్టాలంటే చూడాలి. అంత దగ్గరగా చూసేవాళ్ళు నా బతుకులో ఇంకెవరూ లేరు.” చెయ్యి చాచాడు. “ఆ కాగితాలు ఇలా ఇయ్యి.”

ఇచ్చాను. ఆయన ఒక కాగితం ఎత్తి, తల పక్కకి తిప్పి, కంటి కొసతో పట్టుకోవాలని చూశాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అక్షరాలు చిన్నవి. ఆయన మొహం చూడలేకపోయాను.

“తాతా, ఇంక ఆపు. నేను చెప్తాను.”

“ఏం చెప్తావు?”

“అక్టోబరు బొమ్మ నీది కాదు. నేను వేశాను.”

ఇలా చెప్పాలని అనుకోలేదు. డైరీలో అయితే దీనికి రెండు పేజీలు రాసుకున్నాను, ముందు ఏం చెప్పాలి, తర్వాత ఏం చెప్పాలి అని. నోట్లోంచి మాత్రం ఇంతే వచ్చింది.

తాత కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. “మరి నాది ఏమైంది?”

“నా మంచం కింద ఉంది. దుప్పటి చుట్టి పెట్టాను.”

“చెడిపోయిందా?”

“కిటికీలు...” అన్నాను. “కిటికీలు ఓడ మీద లేవు తాతా. బయటికి వెళ్ళిపోయాయి. ఆకాశంలోకి.”

“ఎన్ని?”

“సగం.”

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. కోపం వస్తుందనుకున్నాను. తిడితే బాగుండేది. “నాకు తెలుసులే,” అన్నాడు చివరికి. “వేస్తున్నప్పుడే తెలుసు. కుంచె కింద ఓడ అంచు తగలట్లేదు. నువ్వు కిటికీలు కాస్త సరిచేసి పంపుతావులే అనుకున్నా. మొత్తం మళ్ళీ వేశావా? ఒక్కదానివే?”

“ఊఁ.”

“దేన్ని చూసి వేశావు?”

“షెడ్డులో అడుగు సొరుగులో కాగితం ఉంది. పల్చటిది, పసుపు రంగుది. ఎడమ పక్క.”

ఎండలో కూర్చున్న మనిషి, చలి వేసినట్టు రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

“నత్త కూడా వేశావా?” అన్నాడు.

నేను నత్త మాట ఎత్తనే లేదు.

నిన్నటి నుంచీ నేను మనసులో పట్టుకుని ఉన్నది ఒక్కటే ఆశ. యూడిత్ ఎవరో పిచ్చిది, తాతకి ఆ నత్త సంగతి ఏమీ తెలియదు, అంతా పొరపాటు, ఆవిడ వస్తే టీ ఇచ్చి పంపేయొచ్చు అని. ఆ ఆశ అక్కడే, ఆ ఒక్క ప్రశ్నతో పోయింది.

“వేశాను,” అన్నాను. “అది నీ గుర్తు కాదా?”

“నాది కాదు. ఆ కాగితం నాది కాదు. ఆ ఓడా నాది కాదు.”

“నువ్వే కదా చేసింది?”

“నేను బల్లలు చేశా, థియా. ఓడని నిలబెట్టే బల్లలు. పైన రంగు కొట్టా. అడిలైడ్‌లో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు. ఇలోనా అని ఒకావిడ, నేను. మేమిద్దరమే. ఓడ ఆవిడ బుర్రలోంచి వచ్చింది, ఆవిడ చేతుల్లోంచి వచ్చింది. నిండు గర్భిణి. పొట్ట బల్లకి తగులుతుంటే పక్కకి తిరిగి కూర్చుని ఒక్కొక్క కిటికీ చెక్కింది. మొదటి భాగం వారంలో టీవీలో వస్తుందనగా నొప్పులొచ్చి ఆస్పత్రికి వెళ్ళింది. ఆ రోజే పేర్లు రాసుకునే అబ్బాయి కాగితం పట్టుకుని వచ్చాడు. చివర్న పేర్లు వేస్తారు కదా, దానికి. ‘ఈ ఓడ ఎవరు చేశారు?’ అన్నాడు. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నా.”

“ఏమన్నావు?”

“‘నేనే’ అన్నా.”

గాలికి ఒక కాగితం ఎగిరి మెట్ల మీద పడింది.

“ఆవిడ రాగానే చెప్పి సరిచేద్దామనుకున్నా. ఒట్టు. ఆవిడ రాలేదు. బిడ్డకి ఒంట్లో బాగాలేదన్నారు. వారం తిరిగింది, భాగం వచ్చింది, పేరు పడింది. మీ నాయనమ్మ ఊరంతా పిలిచి చూపించింది. తర్వాతి వారం మళ్ళీ పడింది. ఇరవై ఆరు వారాలు పడింది థియా. ప్రతి వారం ‘కాదు’ అనడం ఇంకాస్త కష్టమైంది.”

“మరి వట్టి చెక్క అన్నావు?”

“ఆ పక్కనే తలుపు కింద ఆవిడ తన నత్త చెక్కింది. ఏం చేసినా ఎక్కడో ఒక మూల పెట్టేది, అలవాటు. కెమెరా వాళ్ళు చూస్తే అడుగుతారు. అందుకని ఆ పక్క పూర్తి కాలేదని చెప్పి, ఆ వైపు బల్లకి ఆనించి మేకులు కొట్టేశా.”

“చెరిపేస్తే సరిపోయేది కదా తాతా.” అన్నాక సిగ్గేసింది. దొంగకి ఉపాయం చెప్పినట్టుంది.

“గరుకు కాగితం పట్టుకుని నిలబడ్డా. రెండు మూడు సార్లు.” తన అరచేతులు తెరిచి చూసుకోవాలని చూశాడు. “పేరు తీసుకోడానికి నోరొచ్చింది గానీ, దాన్ని గీకడానికి చెయ్యి రాలేదు. ఆ కాగితం తగలబెట్టడానికి కూడా రాలేదు. సొరుగులో పెట్టా. ఇన్నేళ్ళకి నువ్వు తీశావు.”

నేను ఆయన పరువు కాపాడాలని వేసిన బొమ్మ అది. నాకు కాస్తో కూస్తో వచ్చిన పని బొమ్మ వెయ్యడం ఒక్కటే. ఆ పనితోనే, ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు బల్లకి ఆనించి దాచిన పక్కని తిప్పి, వేలమంది ఇళ్ళలో గోడలకి తగిలించాను.

లోపల ఫోన్ మోగింది. లేచి వెళ్ళాను. కొట్టు నడిపే గ్లెనిస్ అత్త.

“ఏమే, మీ ఇంటికి చుట్టాలొస్తున్నారని చెప్పనే లేదు? తెల్ల కారు. ఇద్దరు ఆడవాళ్ళు. చిన్నావిడ పెట్రోలు కొట్టించుకుని దారి అడిగింది, నేనే చెప్పా. పెద్దావిడ కారు దిగలేదు. ఒళ్ళో మీ తాత క్యాలెండర్ పెట్టుకుని కూర్చుంది, వచ్చే ఏడాది అక్టోబరు తెరుచుకుని. ఇంకా ఈ ఏడాది నవంబరేనండీ, తొందరేంటి అన్నా. నవ్వలేదు. థియా? ఉన్నావా? నీతో ఫోన్లో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం నయం.”

ఫోన్ పెట్టేసి వరండాలోకి వచ్చాను. కొట్టు నుంచి మా గేటు దాకా నాలుగు నిమిషాలు. పద్నాలుగో కాగితం తాతకి చదివి వినిపించాను. ఈసారి ఒక్క అక్షరం మార్చలేదు.

“కూతురు,” అన్నాడు. “ఆ బిడ్డే అయ్యుంటుంది.”

“ఇద్దరు వస్తున్నారట తాతా. ఒక పెద్దావిడ కూడా.”

“ఇలోనా పోయింది. పదేళ్ళయింది. ఎవరో చెప్పారు.” కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. “ఎవరు చెప్పారు? నాకు ఎవరు చెప్పారు?”

మలుపు దగ్గర దుమ్ము లేచింది.

“తాతా, నేను చెప్పేస్తాను. నేనే వేశానని, నీకు తెలియదని చెప్పేస్తాను.” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “ఫోరంలో కూడా రాస్తాను. అందరూ నన్నే తిడతారు.”

“నోరు ముయ్యి.” ఆయన నన్ను ఎప్పుడూ అలా అనలేదు. “నీకు పదిహేనేళ్ళు. ఇందులో నీ పేరు రాకూడదు. మాట్లాడని అలవాటు నీకు ఎలాగూ ఉంది, ఇవాళ అదొక్కటి చెయ్యి. ఇంకోటి. నాకు కనిపించట్లేదని ఆవిడకి చెప్పకు. నన్ను చూసి జాలిపడే అవకాశం ఆవిడకి ఇవ్వకూడదు. ఆవిడ జాలి పొందే హక్కు నాకు లేదు.”

“సరే. కానీ తాతా, ఆ కాగితం మూల చిరిగి ఉంది, అందుకని నేను...”

కారు ఆగింది. గాలా చిలకలు ఒక్కసారిగా అరుచుకుంటూ లేచాయి.

ముందు చిన్నావిడ దిగింది. అటు తిరిగి వచ్చి రెండో తలుపు తెరిచింది. లోపల్నుంచి ముందు ఒక కర్ర బయటికి వచ్చింది, తర్వాత తెల్లటి గుడ్డ బూట్లు, తర్వాత చాలా పొట్టిగా, ఎండిన కొమ్మలా ఉన్న ఒక ముసలావిడ. చంకలో క్యాలెండర్. మెట్ల మీద పడి ఉన్న కాగితాన్ని కర్రతో పక్కకి జరిపి, ఎవరి సాయం పట్టుకోకుండా ఎక్కింది. యూడిత్ మెట్ల కిందే ఆగిపోయింది, అక్కడిదాకే రమ్మన్నట్టు.

తాత లేచి నిలబడ్డాడు. తల కొద్దిగా పక్కకి తిప్పాడు. తెలియనివాళ్ళకి అది పొగరులా కనిపిస్తుంది.

“ముసలాడివైపోయావు మెర్వ్,” అంది ఆవిడ.

“ఇలోనా.” పేరు సగమే వినపడింది.

“చచ్చిపోయానని చెప్పారా? నాకు కూడా నీ గురించి అలాగే చెప్పారు. మనం చేసిన ఓడ మీద దుమ్ము దులిపేవాడు కూడా లేడు గానీ, మనల్ని చంపేవాడు మాత్రం ఊరికొకడు ఉన్నాడు.”

తాత నవ్వలేదు. నేను కుర్చీ జరిపాను. ఆవిడ కూర్చోలేదు. క్యాలెండర్ తీసి, అక్టోబరు పేజీ తెరిచి, తాత చేతుల్లో పెట్టింది. అచ్చులో నా నీలం మరీ ముదురుగా వచ్చింది. తలుపు కింద నత్త, బియ్యపు గింజంత.

“వారం నుంచి దీన్నే చూస్తున్నా,” అంది. “కుడి పక్క నువ్వు పందొమ్మిదేళ్ళు వేశావు. అన్నీ చూశా. ప్రతి ఏడూ కొని చూశా. చూసి మా పెరట్లో తగలబెట్టా. ఒక్కసారి, ఒక్క ఏడైనా ఆ రెండో పక్క వేస్తాడేమో అని చూశా. ఇన్నాళ్ళకి వేశావు. నా నత్తతో సహా.” ఆవిడ కర్ర ఆనించి ఒక అడుగు ముందుకి వచ్చింది. “నిజం చెప్పు. ఇది వేసింది ఎవరు?”

అదే ప్రశ్న. ఆ షెడ్డులో పేర్లు రాసుకునే అబ్బాయి అడిగినదే. తాతకి కూడా అది తెలుసు. నేను నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

“నేనే,” అన్నాడు తాత.

ఆ మాట నా కోసం అన్నాడో, తన కోసం అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇలోనా తల ఊపింది. కోపం లేదు. లెక్క తేలని మనిషిలా కళ్ళు చిన్నవి చేసింది. “అయితే చెప్పు మెర్వ్. ఆ పక్క ఎన్ని కిటికీలు?”

తాత మొహంలో ఒక్కసారిగా బరువు దిగినట్టయింది. ఇది ఆయనకి వచ్చు. కళ్ళతో పనిలేని ప్రశ్న. క్యాలెండర్ వైపు చూడనైనా చూడకుండా, దాదాపు గర్వంగా చెప్పాడు.

“ముప్పై ఎనిమిది. అటు ముప్పై ఎనిమిది, ఇటు ముప్పై ఎనిమిది. నువ్వు ఒక్కొక్కటీ చెక్కుతుంటే పక్కనే ఉండి లెక్కపెట్టా. ఎలా మర్చిపోతా?”

నేను కళ్ళు మూసుకున్నాను.

“అవును,” అంది ఇలోనా. “నేను చెక్కింది ముప్పై ఎనిమిదే.”

కళ్ళు తెరిచేసరికి ఆవిడ వేలు పేజీ మీద నడుస్తోంది. నత్త దాటి, తలుపు దాటి, మెల్లగా తోక వైపు వెళ్ళి, కాగితం చిరిగిన చోట నేను పెట్టిన ఆ చివరి వరస మీద ఆగింది. తర్వాత ఆవిడ ఆ వేలిని తీసి తాత మొహం ముందు, సరిగ్గా మధ్యలో, ఇటూ అటూ కదిపింది. తాత రెప్ప వెయ్యలేదు.

“ఇందులో నలభై ఒకటి ఉన్నాయి మెర్వ్,” అంది, ఎంతో నెమ్మదిగా.

తర్వాత నా వైపు తిరిగింది. నా బొటనవేలి గోరు కింద ఎప్పుడూ వదలని నీలం రంగుని చూసింది.

“ఆ మిగతా మూడూ ఎవరివమ్మా?”